సింకు అవతల

“నీళ్లు తేటపడ్డాయి కదా మేడం, మరి సంతకం ఎందుకు పెట్టరు?” అని మార్కండేయులు తన గురువును అడిగాడు. అడగడం కాదు, నిలదీశాడు.

గురువు హైమవతిగారు. ఒక నేత ఊరి కాలేజీలో రసాయనశాస్త్రం చెబుతూ, నలుగురి చేత పరిశోధన చేయించే మనిషి. శిష్యుడి ప్రశ్నకు నోటితో జవాబు చెప్పడం ఆవిడకు అలవాటు లేదు. ఆ రోజు బల్ల మీది కాగితాన్ని పక్కకు జరిపి, “కూర్చో” అన్నారు.

అతని తొందరకు కారణం ఉంది. అతను పుట్టి పెరిగింది రంగుల వీధిలో. అక్కడ నూలు చిలపల కట్టలు బానల్లో ముంచగా మిగిలిన రంగునీళ్లు కాలవలో కలిసి, బోర్లలో కూడా ఎరుపూ నీలమూ వస్తున్నాయని అధికారులు వచ్చి బానలన్నిటికీ సీలు వేశారు. నీళ్లను శుభ్రం చేసే ఏర్పాటు చూపించి, పనిచేస్తుందని ఆ శాస్త్రం తెలిసినవాళ్ల చేత సంతకం పెట్టించుకొస్తేనే సీలు విప్పుతామన్నారు. తల్లి లేని మార్కండేయుల్ని పెంచిన మేనత్త భద్రమ్మ బానలూ అందులోనే ఉన్నాయి. వీధి వీధంతా పొయ్యిలార్పుకుని ఇతని మొహం చూస్తోంది.

ఇతను చేసినదీ చిన్న పనేం కాదు. లోహపు ముడుల మధ్య కర్బన పుల్లలు బిగించి కట్టినట్టుండే ఒక పదార్థాన్ని తయారుచేశాడు. చూడ్డానికి శనగపిండి. లోపలంతా కంటికి ఆనని ఖాళీ గదులు. రంగునీళ్లు పోస్తే రంగు ఆ గదుల్లో దూరి కూర్చుంటుంది, నీళ్లు దారిన పోతాయి. గదులు నిండాక స్పిరిట్‌తో కడిగితే రంగు దిగిపోయి, పొడి మళ్లీ మొదటి రోజులా తయారవుతుంది. దాన్ని గుళికలుగా చేసి డ్రమ్ములో నింపాడు. చిక్కటి గులాబీ నీళ్లు పైన పోస్తే, కింద కుళాయిలో తాగబుద్ధయ్యేంత తేటగా దిగాయి. కాలేజీ అంతా చప్పట్లు కొట్టింది. హైమవతిగారు కొట్టలేదు. శిష్యుడు నిలదీసిన ఈ రోజు పొద్దున్నే ల్యాబు గుమ్మంలో నిలబడి, అతను డ్రమ్ము కడగడం మొదటిసారి చూశారు.

అతను కూర్చున్నాడో లేదో భద్రమ్మ రొప్పుతూ లోపలికొచ్చింది.

“ఒరే అల్లుడూ, ఇది విన్నావా! కాలవలో మళ్లీ గులాబీ రంగు పారుతోందంట. నేను దొంగతనంగా నూలు ముంచుతున్నానంట. సాయంత్రంలోగా ఒప్పుకోకపోతే బానలు పగలగొట్టిస్తాడంట, సీలేసిన ఆ కళ్లజోడాయన! నా బానల్లో సాలీళ్లు సంసారాలు చేస్తున్నాయిరా. ముంచితే వాటిని ముంచాలి!”

“ఎవడత్తా ఆ పని చేసింది?” మార్కండేయులు లేచి నిలబడ్డాడు. “వీధిలో ఎవడో ద్రోహం చేస్తున్నాడు. దొరకనీ, ముందు వాడి సంగతి చూస్తా.”

హైమవతిగారు సంచిలోంచి తెల్ల చేతిరుమాలు తీసుకుని పెరటి గుమ్మంలోంచి బయటికి వెళ్లారు. ల్యాబు గొట్టం అక్కడే, గోడ వెనక కాలవలోకి దిగుతుంది. ఆ కాలవే పల్లానికి పోయి రంగుల వీధిని ఒరుసుకుని పారుతుంది. ఆవిడ తిరిగొచ్చి, చుక్కలు కారుతున్న రుమాలును అతని ముందు పరిచారు.

గులాబీ రంగు.

భద్రమ్మ వంగి, అంచు వేళ్ల మధ్య నలిపి చూసింది. కోపమంతా ఎటు పోయిందో, గొంతు మెత్తబడింది. “బాగా పట్టిందిరా అల్లుడూ” అంది. తిట్టినా బాగుండేది.

“కడిగిన స్పిరిట్టే కదా మేడం...” అతను సింకు వైపు చూశాడు. “సింకులో పోశాను. అందరూ అక్కడే పోస్తారు.”

నిజమే, అందరూ అక్కడే పోస్తారు. పోసి వచ్చి, రంగును తొలగించామని పత్రికలకు రాసుకుంటారు. ఎక్కడికి తొలగించారయ్యా అని అడిగిన పాపాన ఎవరూ పోరు. ఆ మాటకొస్తే మన ఇళ్లలో ఎవరడిగారు? మల్లెపువ్వులాంటి చొక్కా తొడుక్కుని వీధిలోకి నడిచే మగవాడు, ఆ మురికి ఎవరి గోళ్లలో మిగిలిందో చూడ్డానికి ఒక్కసారైనా వెనక్కి తిరిగాడా?

“నా ల్యాబు, నా సింకు” అన్నారు హైమవతిగారు. “నేను ముందే చూడాల్సింది. పద, ఆ కళ్లజోడాయనకు చెబుదాం.”

“చెబితే నా డ్రమ్మును ఇంకెవరూ నమ్మరు మేడం. సీలు విప్పరు.”

“చెప్పకపోతే బానలే ఉండవు.”

అతను మేనత్త వైపు చూశాడు. ఆవిడ ఇంకా ఆ రుమాలే చూస్తోంది. అతను చెప్పులు వేసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. కడిగిన స్పిరిట్ ఇంకా కొన్ని సీసాల్లో మిగిలి ఉంది. కిటికీ ఎండలో అవి చూడముచ్చటగా మెరుస్తున్నాయి.

“వీటినేం చెయ్యమంటారు మేడం? బీరువాలో పెట్టి తాళం వెయ్యనా?”

హైమవతిగారు తడి రుమాలును మడిచి, రంగు పైకి కనబడేట్టు చేత్తో పట్టుకున్నారు.

“వద్దు. నీ బల్ల మీద పెట్టు” అన్నారు. “నువ్వు అన్నం తినే చోట.”