మడుగు గట్టు ఎవరిది?

తుమ్మెదకోన అడవిలో ఎత్తున గుట్ట, నడుమ పచ్చిక, దిగువన మడుగు ఉండేవి. గుట్ట మీద సింహం, పచ్చికలో దుప్పులు, మడుగు దగ్గర తాబేళ్ళు, నీటికుక్కలు, ఎండ్రకాయలు కాపురం ఉండేవి.

ఒకనాడు సింహం అందరినీ పిలిచి, "ఇకమీదట మడుగుకి పెద్ద చెలమమ్మే. గట్టు మీద మాత్రం నన్నడగందే ఎవరూ చెయ్యి వెయ్యకూడదు" అంది.

తాబేలు చెలమమ్మ మురిసిపోయింది. వలస వచ్చిన బాతు మాత్రం నవ్వింది.

"ఎందుకు వదినా నవ్వుతావు?"

"నాలుగు అడవులు తిరిగినదాన్ని. ఉత్తరపు అడవిలో ఎవరి నీళ్ళు వాళ్ళవే. రాజు పొలిమేర చూసుకుంటాడు, అంతే. తూర్పు అడవిలో గుట్టవాళ్ళకి హక్కులు ఎక్కువ, మడుగువాళ్ళకి తక్కువ. రోజూ కీచులాటే. అయినా వరదొస్తే ఎవరి గట్టుకి వాళ్ళే గండి కొట్టుకుంటారు. గట్టు లేని పెద్దరికం నీ దగ్గరే చూశాను."

"నీకు కుళ్ళు" అంది చెలమమ్మ.

ఆ ఏడు వాన వదల్లేదు. మడుగు నిండి నీళ్ళు ఇసుక దిబ్బ దాకా వచ్చాయి. ఆ ఇసుకలోనే చెలమమ్మ గుడ్లున్నాయి. గండి కొట్టనిమ్మని అడగడానికి అది గుట్టకి బయలుదేరింది. ఎంత గబగబా నడిచినా తాబేలు నడకే కదా.

గుహ ముందు కొండముచ్చు అడ్డుకుంది. "దొర పడుకున్నాడు. వాన తగ్గాక రా."

"వాన తగ్గితే నేనెందుకొస్తాను నాయనా?"

కొండముచ్చు కదల్లేదు. చెలమమ్మ ఏడుస్తూ వెనక్కి వచ్చింది. వచ్చి చూస్తే సగం దిబ్బ లేదు. దాని గుడ్లు నీళ్ళలో కొట్టుకుపోతున్నాయి. గట్టు మీద ఎండ్రకాయలూ నీటికుక్కలూ వరసగా నిలబడి చూస్తున్నాయి.

"ఏం చేస్తున్నారర్రా?"

"నువ్వు మాట తెస్తావని చూస్తున్నాం అత్తా."

చెలమమ్మ అందరి వంకా చూసింది. తవ్వితే కాసేపటి పని. ఇన్ని గోళ్ళు, ఇన్ని ఎండ్రకాయ డెక్కలు ఉండి ఒక్కరూ మట్టి ముట్టలేదు. తనకీ గోళ్ళున్నాయి. మరి తను గుట్టకెందుకు పోయినట్టు?

చెలమమ్మ గట్టు తవ్వడం మొదలుపెట్టింది. అందరూ కలిశారు. గండి పడింది, నీళ్ళు తీశాయి, మిగిలిన గుడ్లు దక్కాయి.

తెల్లారి సింహం దిగి వచ్చింది. "ఎవరినడిగి తవ్వారు?"

"ఎవరినీ అడగలేదు దొరా. అడగడానికి వచ్చినందుకే సగం బిడ్డలు పోయారు."

"అయితే నా అడవిలో ఉండొద్దు."

గుడ్లు పిల్లలయ్యాక చెలమమ్మ వాటిని వెంటబెట్టుకుని ఉత్తరపు అడవికి వెళ్ళిపోయింది. మడుగువాళ్ళంతా వెంట నడిచారు. రేపు మాకూ ఇంతేనని దుప్పులూ వెళ్ళిపోయాయి.

ఇప్పుడు తుమ్మెదకోన అంతా సింహానిదే. అనుమతి అడిగేవాళ్ళు లేరు, ఆకలికి దుప్పీ లేదు.

నీతి: పెద్దరికం ఇచ్చి పని చేసుకునే హక్కు ఇవ్వని రాజుకి చివరికి ఒట్టి నేలే మిగులుతుంది.