మనసులో మాట అరిచే చిలుక

ఇందులో ఆవగింజంత అబద్ధం ఉన్నా, నాకు మిగిలిన రెండు పళ్లూ ఊడి ఈ చేటలో పడాలి. ఇక విను.

అనగనగా కనకదుర్తిని గుణవర్మ అనే రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ముగ్గురి బుర్రల్లోనూ పొద్దస్తమానం సంతే. కడగొట్టువాడు రత్నపాలుడి బుర్రలో అయితే ఏడు సంతలూ రెండు తిరునాళ్లూ. పాలు తాగబోతే విషమేమో, పడుకోబోతే దూలం మీద పడుతుందేమో, పడకపోతే ఎందుకు పడలేదో. ఆ వేడికి రోజుకు పదకొండు తలపాగాలు మాడిపోయేవి.

ఒకనాడు మౌనభైరవుడనే మాంత్రికుడు వచ్చాడు. "మీ బుర్రల్లో రొద నాకిచ్చేయండి, హాయిగా ఉంటారు" అన్నాడు. పెద్దవాడు ఇచ్చేశాడు. నడిపివాడు ఇచ్చేశాడు. ఇద్దరూ గుమ్మడికాయల్లా కూర్చుని నవ్వుతున్నారు.

"చూశావా, ఎంత శాంతమో. రేపు నువ్వూ ఇచ్చేయి" అన్నాడు రాజు.

రత్నపాలుడికి అనుమానం వచ్చింది. పెద్దన్న చేతిలో మామిడి టెంక లాక్కున్నాడు. టెంక జోలికొస్తే తమ్ముణ్ణి తన్నకుండా వదలని మనిషి, నవ్వుతూనే ఉన్నాడు. నడిపన్న కాలి మీదికి గండుచీమల్ని ఎక్కించాడు. నవ్వుతూనే ఉన్నాడు. తల్లి వచ్చి "నాయనా" అంటే ఎవరీవిడ అన్నట్టు చూసి, మళ్లీ నవ్వారు.

"నాన్నగారూ, ఇది శాంతం కాదు. ఎవరో లోపల దీపం ఆర్పేసి తలుపేసుకు పోయారు. పౌర్ణమిలోగా అన్నయ్యల రొద తెస్తాను. తేలేకపోతే నాదీ ఇచ్చేస్తాను" అని బయల్దేరాడు.

ఏడు సముద్రాలు ఈదాడు. ఆరోది మరీ ఉప్పన, దాటేసరికి మనిషి సగం ఊరగాయ అయ్యాడు. అవతల దీవిలో పైడి అనే పిల్ల రెండు లక్షల బాతుల్ని మేపుతోంది.

"మాంత్రికుడి ప్రాణం ఎక్కడుంది?" అని అడిగాడు.

"ఆ పోకచెట్టు మీద చిలుకలో. అందరి రొదా దాని కడుపులోనే."

"అడగ్గానే చెప్పేశావేం? నీకేంటి లాభం?"

"ఆయన పోతే బాతులు నావి."

"మరి నీ రొద తీసుకోలేదేం?"

"అడిగాడు. బాతుల్ని ఎవరు మేపుతారన్నాను. ఇంట్లోకి పోయాడు. కానీ జాగ్రత్త బాబూ, చెట్టు కిందికి ఎవరొచ్చినా వాళ్ల మనసులో మాట ఆ చిలుక అరిచి చెబుతుంది."

మొదటిసారి చెట్టెక్కబోయాడు. "జారి పడతానేమో" అని అరిచింది చిలుక. మాంత్రికుడు తాటిచెట్టంత కర్రతో వచ్చాడు. రత్నపాలుడు పరుగో పరుగు.

రెండోసారి పళ్లు బిగబట్టి వెళ్లాడు. "ఆలోచించకూడదు, ఆలోచించకూడదు" అని అరిచింది చిలుక. మళ్లీ కర్ర, మళ్లీ పరుగు. ఈసారి బాతుల మధ్య పడ్డాడు. రెండు లక్షల బాతులూ నాలుగు దిక్కులా చెదిరాయి. వాటిని పట్టుకోవాలని వెంటపడ్డాడు.

"ఆగు నాయనా, నువ్వు ఉరికితే మేమూ ఉరకాలి. కాళ్లు పొట్టివి" అంది ముందు బాతు ఆయాసపడుతూ.

పైడి తన చేతికర్ర నేల మీద పడేసి చెరువు గట్టున కూర్చుంది. "ఇలా వచ్చి కూర్చో. పిలవొద్దు, లెక్కపెట్టొద్దు. అరిచేది అరవనీ, పోయేది పోనీ."

"ఇదేం కాపలా?"

"మా అమ్మ నేర్పిన కాపలా."

కూర్చున్నాడు. బాతులు అరిచాయి, తిరిగాయి, ఒక్కొక్కటే నీళ్లలోకి దిగి సర్దుకున్నాయి. చూస్తూ చూస్తూ ఉండగా అతని బుర్రలో సంత కూడా సర్దుకుంది. ఉలిక్కిపడ్డాడు. "నాకేం మందు పెట్టావు?"

"గట్టు మీద మందెక్కడిది?"

నమ్మలేదు. తొడ గిల్లుకున్నాడు, నొప్పేసింది. ఆకలేస్తోంది. అమ్మ గుర్తొచ్చింది, కళ్లు చెమర్చాయి. సరే, అన్నయ్యలకు పట్టింది ఇది కాదు. ఇక్కడ దీపం వెలుగుతూనే ఉంది, రొద మాత్రం తగ్గింది.

మూడోసారి చెట్టు కింద ఊరికే కూర్చున్నాడు. "చెప్పులెక్కడ విడిచాను?" అని అరిచింది చిలుక. పోనీ అనుకున్నాడు. "పైడికి పెళ్లయిందా?" అని అరిచింది. సిగ్గేసింది, అదీ పోనిచ్చాడు. "ఎవడ్రా ఈ పిచ్చి గోల" అని మాంత్రికుడు మూడుసార్లు తొంగిచూసి, పనివాళ్ల గొడవనుకుని తలుపేసుకున్నాడు. అరిచి అరిచి చిలుక గొంతు బొంగురుపోయింది. మాటకూ మాటకూ ఎడం పెరిగింది. చివరికి అరవడానికి ఏమీ దొరకలేదు. పుట్టాక దానికి అలా జరగడం అదే మొదలు. వీడు బతికున్నాడా అని దిగొచ్చి, మోకాలి మీద వాలి, మెడ వంచి మొహంలోకి చూసింది.

చెయ్యి దానంతటదే వెళ్లి పట్టుకుంది.

చిలుక నోరు తెరిచింది. పదివేల మంది రొద ఒక్కసారిగా బయటికొచ్చింది, దాని వెంటే మాంత్రికుడి ప్రాణం తుమ్ములా ఎగిరిపోయింది. ఖాళీ కడుపుతో చిలుక అడవికి పోయింది.

పౌర్ణమి ముందురోజే కనకదుర్తిలో పెద్దన్న లేచి "ఇంతవరకూ అన్నానికి పిలవలేదేం?" అని అరిచాడు. నడిపన్న "నా పరుపు మీద ఎవరు కూర్చున్నారు?" అన్నాడు. తల్లి ఆ గొడవ వింటూ ఆనందంతో ఏడ్చింది.

రత్నపాలుడు పైడిని పెళ్లాడాడు. బాతులన్నీ కోటకొచ్చాయి. నూట ఎనభై ఏళ్లు ఏలాడు. బుర్రలో సంత మళ్లీ రాలేదా అంటే, రోజూ వచ్చేది. వంటవాడి మీద అనుమానమూ పోలేదు. రొద మరీ ఎక్కువైతే ఇద్దరూ వెళ్లి బాతుల గట్టున కాసేపు కూర్చునేవారు.

అయిపోయింది. ఇక లేచి, డాబా మీద ఎండబెట్టిన వడియాలు తీసుకురా. దారిలో తినకు, నేను లెక్కపెట్టాను.