మరింటమ్మ గడప

ఈ మెట్ట ఎక్కిన భక్తులు ముందుగా అడిగేది "గోపురం ఏదండీ?" అని. గోపురం లేదు, ధ్వజస్తంభమూ లేదు. ఎదురుగా కనిపించే గుండ్రని రాతి కట్టడం ఒకప్పటి గాలిమర. ఇప్పుడది ఇల్లు. వాకిట్లో తాడు మీద బట్టలు, అరుగు మీద ఆరబోసిన చోళ్లు ఉంటాయి. రాగులను ఇక్కడ చోళ్లంటారు. మరింటమ్మ తల్లి ఈ ఇంటి గూటిలోనే కొలువై ఉంది. చెప్పులతో లోపలికి దూరి, గిన్నెల మూతలెత్తి ఫొటోలు తీసే మహానుభావులకు చెప్పీ చెప్పీ ఇక్కడి అర్చకుడనైన నా నోరు పడిపోయింది. అందుకే ఈ చరిత్ర రాస్తున్నాను.

పూర్వం ఇక్కడ సింహాలమ్మ అనే ఒంటరి ముసలామె గుడిసె ఉండేది. నలుగురికీ తిరగలి విసిరిపెట్టి బతికేది. ఆ కాలంలో జమీందారు జగ్గరాజు సముద్రపు గాలితో తిరిగే పిండిమర కట్టించాడు. అంతటితో ఊరుకున్నాడా? అందరూ తన మరకే రావాలని ఇంటింటి తిరగళ్లూ లాక్కొచ్చి గోడలో పెట్టించాడు. పైగా సింహాలమ్మ గుడిసె గాలికి అడ్డమన్నాడు. పొయ్యి మీద అంబలి ఉడుకుతుండగానే దాన్ని పీకించాడు. మర చూస్తే తాటిచెట్టంత, గుడిసె చూస్తే మనిషెత్తు లేదు. ఏ గాలికి అడ్డమయ్యా అది?

మర్నాటి నుంచి గాలి ఆగిపోయింది. నలభై రోజులు రెక్క కదలలేదు. గాదెల్లో చోళ్లున్నాయి, ఊళ్లో పిడికెడు పిండి లేదు. పిల్లలు గింజలు ఉడకేసుకు తిని కడుపునొప్పితో ఏడ్చారు. సింహాలమ్మ ఇక ఓర్చుకోలేక గునపంతో మరలోకి వెళ్లి, గోడలోంచి తన తిరగలి పెకలించుకుని, అక్కడే కూర్చుని విసరసాగింది. జమీందారు మండిపడుతూ వచ్చాడు.

"నా కొంప గాలికి అడ్డమన్నావు. ఇప్పుడు కొంపా లేదు, గాలీ లేదు. ఏటి బాబూ, ఎవులు అడ్డొచ్చినారు?" అని ఆమె తిరగలి ఆపకుండానే అడిగింది.

ఆనాడే అమ్మవారు జమీందారు కలలోకి వచ్చి, సింహాలమ్మకు ఇల్లు ఇమ్మని ఆజ్ఞాపించింది. పేదరాలికి ఇల్లిస్తే పేరేముంది? గుడి కడితే ఊరూరా చెప్పుకుంటారు. అందుకని మరలోనే పీఠం కట్టించి, విగ్రహం నిలిపి, సింహాలమ్మను బయటికి పొమ్మన్నాడు. తెల్లవారేసరికి పీఠం ఖాళీ. విగ్రహం తిరగలి పక్కన గూటిలో ఉంది, చేతులనిండా పిండి. మూడుసార్లు పీఠమెక్కించారు, మూడుసార్లూ అంతే. చివరకు జమీందారు భార్యకే పూనకం వచ్చింది.

"ఇది దాని ఇల్లురా! నేను దాని పంచన ఉన్నదాన్ని. అది కదిల్తే నేనూ కదుల్తాను!"

జగ్గరాజు మర రెక్కలు దింపించి, ఆ కర్రతో సింహాలమ్మకు తలుపులు చేయించాడు. ఆ సాయంత్రమే గాలి వీచింది. ఎవరి తిరగలి వారింటికి చేరింది.

నేడు సింహాలమ్మ చేరదీసి పెంచుకున్న పిల్ల వంశంలో ఏడో తరం ఇల్లాలు నరసాయమ్మ ఇక్కడ కాపురముంటోంది. భక్తులు గడప బయట నిలబడి "అమ్మా, రావచ్చునా?" అని అడగాలి. ఆమె రమ్మంటేనే దర్శనం. ఆమె వంటలో ఉంటే ఆగాలి. నీడ లేనివారు ఇక్కడ దోసెడు చోళ్లు తిరగలిలో విసిరి మొక్కుకుంటే ఏడాదిలోగా గూడు దొరుకుతుందని నమ్మకం.

ఇప్పుడు ఆలయ కమిటీవారు అభివృద్ధి పేరిట నరసాయమ్మను ఖాళీ చేయించి, టైల్సు పరిచి, టికెట్లు పెడతారట. సిగ్గుండాలి! ఈ పుస్తకం చివర ఆ తీర్మానాన్నీ ప్రకటించమని నాకు పురమాయించారు. ప్రకటిస్తున్నాను. ఆ ఇల్లాలు గడప దిగిన రోజున లోపల మిగిలేది వట్టి రాయి. ఆ రాతికి నేను హారతి ఇవ్వను.