ఎరుపెవరి కంట్లో ఉంది

ఆస్థాన పండితులు తప్ప ఎవరు ఎర్ర తలపాగా చుట్టినా కొరడా దెబ్బలు పడే రాజ్యమది. "రంగు వస్తువులో లేదు, చూసేవాడి కంట్లో ఉంది" అని తేల్చి, శేషావధాని రాజుచేత గండపెండేరం తొడిగించుకున్నాడు.

కల్లుపాకలో మిత్రులు కుమ్మరి గుర్నాథాన్ని ఉడికించారు. "కాకి నలుపూ మన కంట్లోదేనా, బావా? అయితే ఎర్రపాగా చుట్టి చూపించు."

ఏడు సముద్రాల అవతలికి కనబడేంత ఎర్రటి పాగా చుట్టి గుర్నాథం బజారున పడ్డాడు. అవధాని వాణ్ణి సభకు ఈడ్పించాడు. కొరడా చూడగానే గుర్నాథం వీపు ముందే చురుక్కుమంది.

"మహాప్రభో, అవధానులుగారి శాస్త్రం ప్రకారం నా గుడ్డ అమాయకురాలు. ఎరుపున్నది వారి కంట్లో. ఆ దెబ్బలేవో అక్కడే వేయించండి."

"గుడ్డలోనా, కంట్లోనా?" అన్నాడు రాజు.

గుడ్డలో అంటే గండపెండేరం పోతుంది. కంట్లో అంటే కన్నే పోతుంది. అవధాని "ప్రభూ, అది తెల్లపాగా" అన్నాడు.

మర్నాడు ఊరు ఊరంతా మందారప్పువ్వులాంటి తెల్లపాగాలు చుట్టుకుంది.