జాలరిపేట దోమలు

డాక్టర్ మంగతాయారు ఏ ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పేవారు కాదు. "రేపు నాతో రా" అనేవారు. దోమలు మోసుకొచ్చే జ్వరాలమీద పరిశోధనలోనే జుట్టు నెరిసిన మనిషి. ఆమె దగ్గర చదువుకున్న చాలామందికి జవాబులు పందులదొడ్ల పక్కనా, మురుక్కాలవల గట్లమీదా దొరికాయి.

షాహీన్ ఆ ఏడే ఆమె దగ్గర పరిశోధనకు చేరింది. నావలరేవు పట్నంలో జ్వరాలు ముమ్మరంగా ఉన్న రోజులవి. జాలరిపేట రోగుల రక్తాన్ని పరీక్షించింది షాహీనే. నమ్మకం చాలక మళ్లీ చేసింది. రెండోసారీ డెంగీయే. కాని ఊళ్లో సముద్రతీర ఉత్సవాలు దగ్గరపడ్డాయి. వాటి ఏర్పాట్లు చూస్తున్న జయచంద్ర అనే పెద్దాఫీసరు ఫోన్ చేసి, నివేదికలో డెంగీ అన్న మాట తీసేసి 'సాధారణ జ్వరం' అని రాయమన్నాడు. రాయకపోతే ల్యాబుకు తాళం వేయిస్తానన్నాడు.

"ఒక్క మాటే కదా మేడమ్," అంది షాహీన్. "మార్చి రాస్తే మన పని మనం చేసుకోవచ్చు. మొండికేస్తే ల్యాబే ఉండదు. మార్చడంలో అంత తప్పేముంది?"

మంగతాయారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. "రేపు నాతో రా."

మర్నాడు ఇద్దరూ జాలరిపేట వెళ్లారు. కొళాయిలు ఎప్పుడు వస్తాయో తెలియని పేట అది. ఇంటింటి ముందూ నీళ్లు పట్టిన డ్రమ్ములు. వాటి చాటున వాలిన దోమలను మంగతాయారు గాజు గొట్టంతో పట్టి, వలగుడ్డ బిగించిన పెట్టెలోకి వదిలారు. ఒక ఇంటి అరుగుమీద నూకాలు అనే ఆవిడ మోకాళ్లమీద గడ్డం ఆనించి కూర్చుని ఉంది. కోడలు పోయి ఇంకా పెద్దకర్మ కూడా కాలేదు.

"ఒళ్లునొప్పులని ఏడిస్తే సూది మందేయించామమ్మా," అంది నూకాలు. "మామూలు జొరమేనని ఆఫీసోళ్లే మైకులో చెప్పారు గదా. ఆ సాయంత్రమే చిగుళ్లంట రక్తం..."

డెంగీ ఉన్న ఒంటికి ఆ నొప్పుల మందు పడితే రక్తం కారడం ఆగకపోవచ్చని షాహీన్‌కు తెలుసు. ఆ అరుగు దగ్గర తలెత్తి నిలబడలేకపోయింది.

అక్కణ్నుంచి నేరుగా జయచంద్ర పిలిచిన సమావేశానికి వెళ్లారు. చల్లటి గది, అద్దాల బల్ల, చుట్టూ అధికారులు. మంగతాయారు పెట్టెను బల్లమీద పెట్టి, కప్పిన తడిగుడ్డ తీశారు. డెంగీని మోసే రకం, కాళ్లమీద తెల్లచారలున్న దోమలు వలకు అతుక్కుని కదులుతున్నాయి.

జయచంద్ర కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "ఏమిటిది డాక్టరుగారూ?"

"మీ ఊరి దోమలేనండీ. ఊళ్లో డెంగీ లేదంటున్నారు కదా. లేకపోతే ఇవి కుట్టినా కాసేపు దురద, అంతే. మీలో ఎవరైనా ఈ పెట్టెలో చెయ్యి పెట్టండి. ఆ తరువాత మీరు ఏ మాట రాయమంటే ఆ మాటే రాస్తాను."

బల్లమీద ఉన్న చేతులు ఒక్కొక్కటే ఒళ్లోకి దిగిపోయాయి.

"ఇది బెదిరింపు," అన్నాడు జయచంద్ర.

"జాలరిపేట జనం చేతులు రోజూ వీటి మధ్యనే ఉంటున్నాయి. అదెవరికీ బెదిరింపుగా అనిపించలేదా?"

షాహీన్ బల్లమీద ఉన్న నివేదిక కాగితం తన ముందుకు లాక్కుంది. జ్వరం పేరు దగ్గర 'డెంగీ' అని పెద్దక్షరాలతో రాసి కింద సంతకం పెట్టింది. "పరీక్ష చేసింది నేను, రాసింది నేను. తాళం వేస్తే వేసుకోండి సార్. ఆస్పత్రికీ మందుల షాపులకీ నేనే వెళ్లి చెప్తాను," అంది. అన్నట్టే ఎర్రటి ఎండలో షాపు షాపుకూ తిరిగి చెప్పింది.

నొప్పుల సూదులు ఆగాయి. ఆస్పత్రిలో దోమతెరల మంచాలు పడ్డాయి. జాలరిపేట ఆడవాళ్లు డ్రమ్ములు బోర్లించి తోమారు. జ్వరాలు తగ్గుముఖం పట్టాయి, ఉత్సవాలు వాయిదా పడ్డాయి. జయచంద్ర మాత్రం అన్నంత పనీ చేశాడు. ల్యాబుకు తాళం పడింది, మంగతాయారుకు ఎక్కడో కొండల్లోకి బదిలీ అయింది. ఆస్పత్రి డాక్టర్లు వెనకవైపు పాతసామాన్ల గది ఖాళీ చేసి ఇస్తే, షాహీన్ అందులోనే పరీక్షలు మొదలుపెట్టింది.

గురువును బస్సెక్కించడానికి వెళ్లిన రోజు, అన్నాళ్లుగా మనసులో మెదులుతున్నది అడిగేసింది. "మేడమ్, ఆవేళ పంతానికి పోయి వాళ్లలో ఒకరు నిజంగానే చెయ్యి పెట్టబోతే ఏం చేసేవారు?"

మంగతాయారు సంచీ సర్దుకుని కిటికీ పక్కన కూర్చున్నారు.

"పట్టుకుని వెనక్కి లాగేదాన్ని," అన్నారు. "వాళ్లూ జ్వరమొస్తే మన దగ్గరికి రావలసినవాళ్లే కదమ్మా."