కరివేపాకు మొక్కకు కట్టిన పుల్ల

ప్రశ్న అడిగినవాళ్ళకు జవాబు చెప్పడం మా గురువుగారు సోమిదేవమ్మగారికి అలవాటు లేదు. పని చెబుతారు. విజయనగరంలో ఆవిడ దగ్గర వీణ నేర్చుకున్న ఆడవాళ్ళమంతా ఆ ఇంట్లో కూరలు తరిగినవాళ్ళమే.

ఒకరోజు నేను సొరకాయ తరుగుతుండగా వకుళ పాఠానికి వచ్చింది. వీణ ముట్టుకోలేదు. పోస్టాఫీసు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, అయినా రెండేళ్ళలో ఒక్క పాఠం మానని మనిషి.

“గురువుగారూ, మొదట్లో తీగ మీటితే చాలు, ఒళ్ళు పులకరించేది. ఏడుపొచ్చేసేది. ఇప్పుడు చెయ్యి నడుస్తోంది గాని మనసు కదలడం లేదు. నాలో ఏదో చచ్చిపోయింది. మానేద్దామనుకుంటున్నాను. ఎందుకిలా అయింది?” అంది. నాకూ బెంగేసింది.

“వంటింటి కిటికీలో కరివేపాకు ఉంది. చారులోకి నాలుగు రెబ్బలు తుంచుకురా,” అన్నారావిడ.

అది వకుళ చేరిన రోజున తెచ్చి ఇచ్చిన మొక్కే. అప్పుడు జానెడు. వాలిపోతుంటే గురువుగారే పక్కన వెదురుపుల్ల గుచ్చి దారంతో కట్టారు. ఆకు కోసం వెళ్ళిన మనిషి కుండీతో సహా పరుగెత్తుకొచ్చింది.

“అయ్యో గురువుగారూ, పచ్చటి కాండం గోధుమరంగుకు తిరిగిపోయింది! ఇదీ పోయినట్టే!”

“నీళ్ళెక్కువైతే మొదలు నల్లబడి మెత్తబడుతుంది. వెలుతురు చాలకపోతే పాలిపోతుంది. నొక్కి చూడవే.”

నొక్కింది. గట్టిగా ఉంది.

“గోటితో కాస్త గీరు.”

గీరింది. పైపొర కింద లేతపచ్చ! కరివేపాకు వాసన గుప్పుమంది. “లోపల పచ్చగానే ఉంది!” అని వకుళ చిన్నపిల్లలా అరిచింది.

“ముదిరింది, అంతే. ఇప్పుడా పుల్ల తీసెయ్.”

“పడిపోదూ?”

“తీసి చూడు.”

దారం తెంపి, ఊపిరి బిగబట్టి, పుల్ల లాగింది. ఫ్యాను గాలికి ఆకులు ఊగాయి గాని మొక్క వాలలేదు. వకుళ దానివంక చూస్తూ చూస్తూ ఫక్కున నవ్వేసింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, ఎవరూ చెప్పకుండానే వెళ్ళి వీణ ముందు కూర్చుంది. తను వాయిస్తుంటే నాకెంత సంతోషమేసిందో! చారులో పోపు మాత్రం నేనే పెట్టాల్సొచ్చింది.

పుల్ల చెత్తబుట్టలో వెయ్యబోతుంటే గురువుగారు నా చెయ్యి పట్టుకున్నారు.

“పారెయ్యకే. రేపు కొత్తవాళ్ళు చేరతారు. మొదట్లో వాళ్ళకు కావాలి.”