రేవులో తీసిన ఫొటో

“బొమ్మకి వెలుగిచ్చాక నీడ కూడా ఎందుకివ్వాలి మాస్టారండీ?” అని నూకరత్నం ఒకనాడు అడిగింది. “నీడలు పెడితే కంప్యూటర్ రెట్టింపు సేపు తీసుకుంటోంది. చూసేవాళ్లెవరూ నీడ ఏదని అడగరు కదా.”

రాజమహేంద్రవరంలో గ్రాఫిక్స్ నేర్పే జోగయ్య మాస్టారికి ప్రశ్న వినగానే జవాబు చెప్పే అలవాటు లేదు. వినేవారు, తలూపేవారు, ఏదో ఒక పని అప్పగించేవారు. ఈసారి ఆమె చేతికొక పాత ఫొటో ఇచ్చారు. గోదావరి మీద లాంచీ నడిపిన దేవసహాయం పోయి ఏడాది కావస్తోంది. చర్చిలో జరిగే జ్ఞాపకార్థ కూడికలో ఆ ఫొటోని కదిలే బొమ్మగా గోడ మీద వేయించాలని ఆయన భార్య సువార్తమ్మ కోరిక.

రత్నం తుని నుంచి వచ్చి హాస్టల్లో ఉంటోంది. ఆ ఊళ్లో ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్లు మాస్టారు తప్ప ఎవరూ లేరు. కిటికీలు మూసిన గదిలో తెర ముందు కూర్చుంటే ఆ సంగతి గుర్తుకు రాదు కాబట్టి ఎంతసేపైనా కూర్చునేది. ఫొటోని పొరలుగా విడదీసింది. అన్నిటికన్నా వెనక ఏరు, దాని ముందు లాంచీ, ఇంకా ముందు రేవులో ఇసక మీద చెప్పుల్లేకుండా నిలబడిన దేవసహాయం. పొరకీ పొరకీ మధ్య ఎడం ఉంచి, కంప్యూటర్లోని కెమెరా వాటి ముందు మెల్లగా జరిగేలా చేసింది. అందులోనే చుట్టూ దీపాలు అమర్చింది. ఆయన పాదాల దగ్గర నల్లగా ఏదో మరక కనబడితే శుభ్రంగా తుడిచేసింది.

చూడ్డానికి సువార్తమ్మ వచ్చింది. చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, బొమ్మ ఆగిపోయేదాకా కదలకుండా కూర్చుంది.

“బాగున్నాడమ్మా. పెళ్లికొడుకులా మెరుస్తున్నాడు,” అంది. తెర మీదికి వంగి, “మరి నన్నేం చేశావు?” అంది.

“మీరు ఫొటోలో లేరు కదండీ.”

“ఎందుకు లేను? తీసింది నేనేగా. ‘ఇసక కాలిపోతోందే, నీ నీడ నా కాళ్ల మీద పడేలా నిలబడు’ అన్నాడు. అలాగే నిలబడి తీశాను. మా పెళ్లి ఫొటో వరదల్లో పోయిందమ్మా. మేమిద్దరం కలిసి ఉన్నది ఇదొక్కటే.”

రత్నం మాస్టారి వైపు చూసింది. ఆయన ప్రొజెక్టర్ అద్దం తుడుచుకుంటున్నారు.

సువార్తమ్మ వెళ్లాక రత్నం తాను పెట్టిన దీపాలన్నీ తీసేసింది. తుడిచేసిన మరకని తెచ్చి మళ్లీ అతికిస్తే, కెమెరా జరిగినా అది మాత్రం జరగలేదు. నీడలా లేదు, మసిలా ఉంది. అప్పుడు కెమెరాకి వెనకాల, చూసేవాళ్లకి కనబడనిచోట ఒక ఆడమనిషి ఆకారం నిలబెట్టి, ఆ ఆకారం వెనక ఒకే ఒక్క దీపం పెట్టాలని తోచింది. కాని ఫొటో తీసే మనిషి మోచేతులు నీడలో ఎలా ఉంటాయో ఆమెకి తెలియలేదు. మర్నాడు ఎండ వాలేవేళ హాస్టల్ మేడెక్కి, ఫోను రెండు చేతులా ఎత్తి పట్టుకుని, వీపు ఎండకి పెట్టి నిలబడింది. నీడ పొడుగ్గా సాగి ఖాళీ గచ్చు మీద పడింది. చూడాల్సింది చూసేశాక కూడా చాలాసేపు అలాగే ఉండిపోయింది.

కూడిక నాటి సాయంత్రం చర్చి గోడంతా ఏరు పరుచుకుంది. కెమెరా జరుగుతుంటే ఒక నీడ ఇసక మీదుగా మెల్లగా పాకి, దేవసహాయం పాదాల మీదికొచ్చి ఆగింది. అదేమిటని ఎవరూ అడగలేదు. ఆయన మీసం గురించీ లాంచీ గురించీ చెప్పుకున్నారు. సువార్తమ్మ ఏడవలేదు. భోజనాలయ్యాక ఎవరో బండి మీద దింపుతామంటే, “ఇల్లు దగ్గరే కదా,” అని ఒక్కతే నడుచుకుంటూ వెళ్లిపోయింది. రత్నం గుమ్మంలో నిలబడి, ఆమె సందు మలుపు తిరిగేదాకా చూసింది.

లోపల కుర్చీలు మడిచేశారు. ఖాళీ హాల్లో బొమ్మ ఇంకా నడుస్తూనే ఉంది, నీడ మళ్లీ దేవసహాయం పాదాల మీదికొచ్చి ఆగింది. రత్నం వచ్చి ప్రొజెక్టర్ ఆపబోయింది.

“కాసేపు ఉండనియ్యమ్మా,” అన్నారు మాస్టారు. “ఆవిడింకా వెళ్లలేదు.”